తాడని తెలిసినా పోని పాము

మా నాన్నగారు మొవ్వ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు, సంస్కృతం చెప్పేవారు. సాయంత్రాలు మా అరుగు మీదికి వేదాంతం అడగడానికి నలుగురు వచ్చేవారు. వాళ్ళకి ఆయన మొట్టమొదట చెప్పేది తాడూ పామూ. మసక చీకట్లో తాడు పామై కనిపిస్తుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఎవరో దీపం తెస్తారు. చూస్తే తాడే. మరి పాము ఎటు పోయింది? ఎటూ పోలేదు, అసలు ఉంటే కదా పోవడానికి! గౌడపాదుల కారికల దగ్గర్నుంచి ఇవాళ్టి ప్రవచనాల దాకా ఈ ఉపమానం నలుగుతూనే ఉంది. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా మన వైపు ఇది తెలుసు.

1990లో, నాకు 24 ఏళ్ళప్పుడు, స్కిజోఫ్రీనియా వచ్చింది. అప్పట్నుంచి చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ నాకు ఆ ఉపమానమే చెప్పారు. "భ్రమమ్మా, అక్కడేమీ లేదు. లేదని గట్టిగా అనుకో, అదే పోతుంది." నేను గట్టిగానే అనుకునేదాన్ని. అనుకున్నకొద్దీ గొంతులు పెరిగేవి. దీపం తెచ్చాక కూడా పాము కదలకుండా అక్కడే పడగెత్తి ఉంటే ఆ మనిషి ఏం చెయ్యాలి? అరుగు మీద కూర్చున్నవాళ్ళెవరూ నాన్నగారిని ఈ ప్రశ్న అడగలేదు. నాకు మాత్రం ఇన్నేళ్ళుగా ఇదే ప్రశ్న.

పెళ్ళయి విజయవాడ సత్యనారాయణపురంలో కాపురం పెట్టాం. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటూ పని చేసుకోవడం నాకు అలవాటు. కొన్ని వారాల మీద, నెమ్మదిగా, ఆ పాటలు నాకోసమే ఏరి వేస్తున్నారనిపించసాగింది. ఏ కీర్తన వస్తే అది ఆ రోజుకి నాకు ఆజ్ఞ. ప్రాంతీయ వార్తలు చదివే ఆయన నా పేరు ఎత్తకుండా నా సంగతే చెబుతున్నాడు. నిద్ర కరువైంది. ఆ తర్వాత కొండ మీది నుంచి దుర్గమ్మ గొంతు. "అన్నం ముట్టుకోకు, విషం కలిపారు" అంది. ఎడమ చెవి వెనకనుంచి, పక్కన నిలబడి ఎవరో చెప్పినంత స్పష్టంగా. అత్తగారు వడ్డించిన కంచం ముందు చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇంకొన్నాళ్ళకి రెండు మగగొంతులు వచ్చాయి. అవి నాతో మాట్లాడేవి కావు, నా గురించి వాటిలో అవి మాట్లాడుకునేవి. "ఇదిగో లేచింది, చెంబు తీసింది, తాగుతుంది చూడు." మనసులో అనుకున్నది పక్క వాటాలోవాళ్ళకి వినబడిపోతోందని నమ్మి, ఏమీ అనుకోకుండా ఉండటానికి రోజంతా ప్రయత్నించేదాన్ని. ఆ అలసట ఎవరికీ రాకూడదు.

వైద్యులకి ఇవేవీ కొత్త కాదు. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో ఈ జబ్బుకి ఇప్పటి పేరు పెట్టాడు. జర్మన్ వైద్యుడు కుర్ట్ ష్నైడర్ దీన్ని గుర్తుపట్టే లక్షణాల్లో మొదటి వరసలో పెట్టినవాటిలో రెండు, చేసే పనిని చెబుతూ పోయే గొంతులూ, ఆలోచనలు బయటికి పొక్కుతున్నాయన్న నమ్మకమూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. ఎప్పుడో, ఎక్కడో, నా భాష రాని మనిషి రాసిపెట్టిన జాబితాలో నా బతుకు దొరికినప్పుడు నాకు భయం వెయ్యలేదు, ప్రాణం కుదుటపడింది. నేను మాత్రమే ఎంపికైన మనిషిని కాదన్నమాట. ఆ సంగతి తెలియడమే సగం బలం.

గొంతులు ఏం మాట్లాడతాయన్నది మాత్రం ఊరిని బట్టి ఉంటుంది. టాన్యా లుర్మన్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త, తోటి పరిశోధకులతో కలిసి, మన చెన్నైలో, ఘనా దేశపు ఆక్రాలో, కాలిఫోర్నియాలోని సాన్ మాటియోలో, ఒక్కోచోట ఇలాంటి జబ్బున్న 20 మందితో మాట్లాడి 2014లో ఆ వివరాలు ప్రచురించారు. అమెరికాలో ఎక్కువమందికి కొట్టమనీ చంపమనీ చెప్పే పరాయి గొంతులు. ఆక్రాలో చాలామందికి దేవుడు. చెన్నైలో చుట్టాలు. స్నానం చెయ్యమనీ ఇల్లు చూసుకోమనీ పురమాయించే చుట్టాలు. అది చదివి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఇప్పటికీ నా దగ్గర మిగిలిపోయిన గొంతు మా మామ్మది. నా చిన్నప్పుడే పోయింది. సందెవేళ "దీపం పెట్టావటే?" అంటుంది. పెట్టేశాను మామ్మా, అనుకుని నా పని నేను చూసుకుంటాను.

జబ్బు ముదిరాక నన్ను పుట్టింటికి తీసుకొచ్చారు. ఊళ్ళో కొందరు అమ్మవారు పూనిందన్నారు. నా కాళ్ళకి పసుపు రాసి, తమ పిల్ల పెళ్ళి ఎప్పుడవుతుందని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. మా ఊరి జాతరలో పూనకం నేను చిన్నప్పట్నుంచీ చూశాను. దానికి ఒక వేళ ఉంటుంది, డప్పు ఉంటుంది, వేపమండలు ఉంటాయి, చుట్టూ పదిమంది ఉంటారు. "శాంతించు తల్లీ" అని హారతిస్తే దిగుతుంది. దిగాక ఆవిడ మంచినీళ్ళు తాగి, చెంగు సర్దుకుని, ఇంటికెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది. నాకు వచ్చినదానికి వేళ లేదు, హారతికి దిగలేదు, నా చేత పొయ్యి వెలిగించనివ్వలేదు. బయటినుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకటిగా కనిపించవచ్చు. లోపలున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు, అవి రెండూ ఒకటి కావు.

నాగదోషమేమోనని మోపిదేవి తీసుకెళ్ళారు. గుణదల కొండెక్కి మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించారు. గాలి సోకిందని గాణగాపురం. ఆ తిరుగుళ్ళలో మా అమ్మ నా చెయ్యి వదలకుండా పట్టుకుంది. నాకు గుర్తున్నంతలో ఆ రోజుల్లో మంచి అదొక్కటే, అది చిన్న మంచి కాదు. మధ్యలో ఒక భూతవైద్యుడు మిరపకాయల పొగ వేసి చింతబరికెతో కొట్టాడు. ఆ మచ్చలున్నాయి.

గుడికీ బరికెకీ ఉన్న ఈ తేడాని మనం గట్టిగా పట్టుకోవాలి. తమిళనాడులో ఒక పల్లె గుడిలో ఉండటానికి వచ్చిన మానసిక రోగుల్ని, వాళ్ళలో ఎక్కువమంది ఈ కోవ జబ్బువాళ్ళే, నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో రాశారు. 31 మంది, సగటున ఆరు వారాలు ఉన్నారు. మందులు లేవు, కొట్టడాలు లేవు. తిండి, చిన్నచిన్న పనులు, మర్యాద, పక్కన ఇంటివాళ్ళు. లక్షణాలు ఐదో వంతు దాకా తగ్గాయి. అదే రాష్ట్రంలో ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని చెప్పింది. అయినా చాలా ఊళ్ళలో జనానికి ఆ సెక్షన్ తెలియదు.

చివరికి విజయవాడలోనే ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదట అన్న మాట నేను మరిచిపోలేదు. "మీకు వినబడుతున్న మాట నిజం. నాకు వినబడటం లేదన్న మాటా నిజం. ఈ రెండూ ఒప్పుకుని మొదలుపెడదాం." అప్పటిదాకా నాతో మాట్లాడినవాళ్ళందరూ ఈ రెండిట్లో ఒకదాన్నే ఒప్పుకున్నారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుందనీ, అది అతిగా పనిచేసినప్పుడు ప్రతి చిన్న విషయానికీ లేని ప్రాధాన్యం వచ్చి పడుతుందనీ, రేడియో పాట ఆజ్ఞ అయింది అందుకేననీ, ఈ మందులు ఆ రసాయనం అతుక్కునే చోట్లని అడ్డుకుంటాయనీ చెప్పారు. గొంతులు వినబడే వేళ మెదడుని చిత్రం తీసి చూస్తే మాటకీ వినికిడికీ సంబంధించిన చోట్లు నిజంగానే పనిచేస్తూ కనిపిస్తాయట. అంటే నేను కల్పించుకుని చెప్పలేదు. కొన్ని నెలలకి మగగొంతులు పోయాయి. చేతుల వణుకు వచ్చింది, దానికి ఇంకో మాత్ర. ఒళ్ళు వచ్చింది, తర్వాత మందు మారింది, ఆ తర్వాత షుగరు వచ్చింది. ఇవన్నీ కష్టాలే. కంచం ముందు చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చోవడంతో పోలిస్తే భరించదగ్గ కష్టాలు.

కోలుకున్నాక ఏలూరు రోడ్డు పుస్తకాలవాళ్ళకి ప్రూఫులు దిద్దే పని దొరికింది. ఆధ్యాత్మిక గ్రంథాలు ఎక్కువగా నాకే ఇచ్చేవారు. ఒకసారి బ్రహ్మసూత్ర శాంకర భాష్యానికి తెలుగు వివరణ వచ్చింది. మొదట్లోనే అధ్యాస (ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడటం) గురించి చెప్పేచోట శంకరులు లోకంలో కనబడే భ్రమకి రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టారు. ఒకటి ముత్యపుచిప్ప వెండిలా కనిపించడం. రెండోది ఒకే చంద్రుడు ఇద్దరుగా కనిపించడం. రెండో వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. చిప్పని చేతిలోకి తీసుకుంటే వెండి మాయమవుతుంది, తాడూ పామూ లాగానే. కంటిజబ్బు ఉన్నవాడికి చంద్రుడు ఒక్కడేనని బాగా తెలుసు. తెలిసినా ఇద్దరు కనిపిస్తూనే ఉంటారు. తెలివి వల్ల రెండో చంద్రుడు పోడు.

ఆ ఆదివారం బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు మీదుగా మా ఊరు వెళ్ళి నాన్నగారికి ఆ పేజీ చూపించాను. ఆయనకి అది కంఠస్థమే. కళ్ళజోడు తీసి చాలాసేపు ఆలోచించి, "ఇది సోపాధిక భ్రమమ్మా" అన్నారు. శాస్త్రంలో ఈ విభాగం ఉంది. తాడులో పాము లాంటిది నిరుపాధికం, జ్ఞానం రాగానే పోతుంది. స్ఫటికం పక్కన మందారప్పువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది చూడండి, అది సోపాధికం. స్ఫటికం తెల్లనిదని ఎంత తెలిసినా పువ్వు పక్కన ఉన్నంతసేపూ ఎరుపు కనబడి తీరుతుంది. పోవాలంటే పువ్వుని జరపాలి. ఆ పువ్వే ఉపాధి. "కంటికి వైద్యం చెయ్యాల్సినచోట మేం ఉపదేశం చేశాం" అన్నారాయన. అప్పట్నుంచి అరుగు మీద తాడూ పామూ చెప్పిన ప్రతిసారీ ఇద్దరు చంద్రుల్ని కూడా చెప్పేవారు.

నాకు ఈ విభాగం పుస్తకంలో మాట కాదు, బతకడానికి పనికొచ్చిన మాట. మాత్ర పువ్వుని దూరం జరుపుతుంది. పూర్తిగా తీసెయ్యలేదు, నా విషయంలో కొంచెం ఎరుపు మిగిలే ఉంది. మామూలు మందులకి లొంగనివాళ్ళు కూడా చాలామందే ఉన్నారు, వాళ్ళకి క్లోజపిన్ అని ఇస్తారు, రక్తపరీక్షలు చేయిస్తూ జాగ్రత్తగా వాడాలి. మిగిలిన ఎరుపుని ఎరుపుగా చూస్తూ, దాని మాట వినకుండా ఉండటం వివేకం చెయ్యగలిగిన పని. మందు చెయ్యాల్సిన పని వివేకాన్ని చెయ్యమంటే మనిషి నలిగిపోతాడు. వివేకం చెయ్యాల్సింది మందే చేసేస్తుందనుకుంటే, గొంతు మళ్ళీ వినబడ్డ రోజున కుప్పకూలిపోతాడు. నేను రెండు రకాలుగానూ దెబ్బతిన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో చిక్కు ఉంది, ఇది మొదటిదానికన్నా లోతైనది. ఒక ధ్యాన శిబిరంలో గురువుగారు, "నువ్వు సాక్షివి. ఆలోచనలు నీవి కావు, వచ్చిపోతుంటాయి, చూస్తూ ఉండు" అన్నారు. నాకు కాళ్ళు వణికాయి. నా జబ్బు చెప్పిందీ సరిగ్గా అదే! ఈ ఆలోచన నాది కాదు, ఎవరో నాలో పెట్టారు. మరి వేదాంతం చెప్పేదీ జబ్బు చెప్పేదీ ఒకటేనా? చాలా ఏళ్ళు దీని మీద కొట్టుకున్నాను. ఇప్పుడు నాకు అర్థమైంది ఇది. ఆలోచన నాది కాదని వేదాంతం అంటే, ఇంకెవరిదో అని కాదు, సొంతదారు అనేవాడే లేడని. జబ్బు అలా అనదు. నాది కాదు గనక వాళ్ళదంటుంది, వాళ్ళెవరో వెతకమంటుంది, భయపడమంటుంది. జ్ఞాని అహంకారం లోకంలో కరిగిపోతుందంటారు. నా జబ్బులో లోకమంతా నా చుట్టూ గడ్డకట్టింది. రేడియో నాకోసం, వార్తలు నాకోసం, పక్కింటివాళ్ళ దగ్గు నాకోసం. అంత పెద్ద "నేను" ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకెవరికీ ఉండదు. అందుకే ఈ జబ్బున్నవాళ్ళకి ముందు "ఇది నా ఆలోచనే" అనగలిగే బలం తిరిగి రావాలి. వదులుకోవడం ఆ తర్వాతి మాట. గంటల తరబడి మౌనంగా కూర్చోబెట్టే శిబిరాలకి డాక్టరుని అడక్కుండా మాలాంటివాళ్ళని పంపొద్దు.

మందులు మానెయ్యి, నువ్వు అవధూతవి కావచ్చు అన్నవాళ్ళూ ఉన్నారు. గొలగమూడి వెంకయ్యస్వామిని కూడా మొదట్లో ఊరంతా పిచ్చి వెంకయ్య అనే పిలిచారు కదా అని వాళ్ళ వాదన. వెంకయ్యస్వామి ఎవరో తేల్చే అర్హత నాకు లేదు. బస్టాండు దగ్గర చింపిరి జుట్టుతో తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే మనిషి అవధూత అయినా కాకపోయినా అతనికి అన్నం, వైద్యం కావాలి. అది తేల్చడానికి నాకు ఏ అర్హతా అక్కర్లేదు.

ఇక, నాతో మాట్లాడింది దుర్గమ్మేనా? దసరాల్లో ఒకరోజు ఇంద్రకీలాద్రి మీద ఆవిణ్ణి అన్నపూర్ణగా అలంకరిస్తారు. అన్నపూర్ణ నన్ను అన్నం మానమంటుందా? ఈ ప్రశ్న జబ్బులో ఉన్నప్పుడు నాకు తట్టలేదు, ఎందుకంటే అప్పుడు నాకు సందేహమనేదే లేదు. ఆ గొంతు ఎంత చెబితే అంత. ఇప్పుడు రోజూ లలిత చదువుకుంటాను, వింటోందో లేదో తెలియకుండానే చదువుకుంటాను. నమ్మకం అన్న మాటకి నేను తగినదాన్ని అయ్యింది ఇప్పుడే అనిపిస్తుంది. అప్పుడున్నది నమ్మకం కాదు, బందీతనం.

మా అమ్మ చివరిదాకా "ఏ జన్మలో పాపమో" అంటూనే పోయింది. తన పాపమేనని ఆవిడ ఉద్దేశం, అది ఇంకా బాధ. మాకు దగ్గర్లోనే ఘంటసాల, ఒకప్పటి బౌద్ధ క్షేత్రం. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా సీవక సుత్తం గుర్తొస్తుంది. సంయుత్త నికాయంలో ఉంది. మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనా అని సీవకుడు అడిగితే బుద్ధుడు కాదంటాడు. పిత్తం, కఫం, వాతం, మూడూ కలిసి రావడం, రుతువు మారడం, శరీరాన్ని సరిగ్గా చూసుకోకపోవడం, ఇంకొకరు చేసే హింస, ఇవన్నీ చెప్పి, కర్మఫలాన్ని వాటిలో ఒకటిగా చేరుస్తాడు. అన్నిటికీ కర్మే అనేవాళ్ళు తాము స్వయంగా ఎరిగినదాన్నీ, లోకం ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారంటాడు. అమ్మ బతికుండగా ఇది చదివి వినిపించాను. మర్నాడు మళ్ళీ చదవమంది.

జబ్బు బయటపడ్డాక అత్తవారివైపు పెద్దవాళ్ళు విడాకుల కోసం ఒక వకీలుని కలిసి వచ్చారు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఈ జబ్బు పేరు ఉంది మరి. మా ఆయన సంతకం పెట్టనన్నారు. పేరు ఉన్నంతమాత్రాన విడాకులు రావనీ, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా జబ్బు ఉందని రుజువు కావాలనీ సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2013 సెప్టెంబరులో ఒక తెలుగు దంపతుల కేసులో మళ్ళీ చెప్పింది. బీపీ, షుగరు లాగానే ఇది కూడా వైద్యంతో అదుపులో ఉంచుకోగల జబ్బని ఆ కేసులో తేలింది. సంబంధాలు చూసేటప్పుడు ఈ జబ్బుని దాచేవాళ్ళకీ, తెలిశాక వదిలించుకోవాలనుకునేవాళ్ళకీ ఆ తీర్పు చదవమని చెబుతుంటాను.

ఈ మధ్య నాగాయలంక వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు, గది తలుపు తియ్యడు, ఫోన్లో తన గురించే వీడియోలు పెడుతున్నారంటాడు. "లేదురా అని ఎంత చెప్పినా వినడమ్మా" అని ఏడ్చింది. లేదని చెప్పొద్దన్నాను. ఉందనీ చెప్పొద్దు. "నీకు భయంగా ఉంది కదూ" అని అడగండి, ఆ మాటకి తలుపు తియ్యొచ్చు. అన్నం ముందు మీరొక ముద్ద తిని పెట్టండి. ఈ నెలలోనే డాక్టరుకి చూపించండి, మొదట్లో ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఎటు వెళ్ళాలో తోచకపోతే 14416కి చెయ్యండి, ప్రభుత్వంవాళ్ళ టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు. అన్నీ విని ఆవిడ, మోపిదేవిలో మొక్కుకున్నాను, మందులు మొదలుపెడితే మొక్కు మానెయ్యాలా అని అడిగింది. మానక్కర్లేదు, డాక్టరుకి చూపించాక తీసుకెళ్ళండి, కాస్త ఖాళీగా ఉండే రోజు చూసుకుని వెళ్ళండి, మాత్రలు సంచీలో పెట్టుకోండి, తిరుగు బస్సు ఆలస్యమైనా రాత్రి మాత్ర వేళకి పడాలి అని చెప్పాను.